ఊరడగొద్దు, పేరడగొద్దు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆ ఆగస్టులో నేను బ్నీద్ అల్ గార్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో పని చేస్తుండేదాన్ని. మాది కడప జిల్లా. పదో తరగతి వరకు చదివాను. వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లలో పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి విమానం ఎక్కాను. ఇంటావిడను అందరు పనివాళ్లలాగే నేనూ మామా, అంటే అరబ్బీలో అమ్మా, అని పిలిచేదాన్ని. ఆమె ఆడపిల్లల బడిలో అరబ్బీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొడుకులూ కోడళ్లూ ఎండలు తప్పించుకోవడానికి విదేశాలకు వెళితే, మోకాళ్ల నొప్పులతో నేనెక్కడికీ రానని ఇంట్లోనే ఉండిపోయింది.

కింది వాటాలో ఒక చైనా డాక్టరమ్మ అద్దెకుండేది. యాభై దాటిన మనిషి, సన్నగా, పొట్టి జుట్టుతో ఉండేది. మిర్కాబ్‌లో ఒక క్లినిక్‌లో సూదుల వైద్యం చేసేది. సాయంత్రాలు పైకొచ్చి మామా మోకాళ్లకు సూదులు గుచ్చేది. చాలా ఏళ్లుగా ఉండటంతో ఆమెకు అరబ్బీ బాగానే వచ్చు. నాకు వంటింటి అరబ్బీ వచ్చు. మా ముగ్గురికీ ఆ భాషే సరిపోయేది.

సైన్యం దిగిన రోజు తెల్లవారేసరికి సముద్రం రోడ్డు మీద ట్యాంకులు నిలబడి ఉన్నాయి. డాక్టరమ్మ క్లినిక్‌కు వెళ్లలేదు. మామా ఆమెను కింద ఒంటరిగా ఉండొద్దని పైకి పిలిచింది. అప్పటినుంచి మేం ముగ్గురం ఒక్క వంటింటి మనుషులమయ్యాం.

కొన్నాళ్లకే జమియాలో, అంటే మా పేటలోని సహకార దుకాణంలో, అరలు ఖాళీ అయ్యాయి. రొట్టెల కోసం బేకరీ ముందు నిలబడితే మధ్యలో సిపాయిలొచ్చి కాల్చినవన్నీ ఎత్తుకుపోయేవారు. మా ఇంట్లో మాత్రం హరీస్ అనే గోధుమ జావ వండుకోవడానికి దాచిన గోధుమల బస్తా ఒకటి ఉంది. హరీస్‌కు గోధుమలు తడిపి, దంచి, పొట్టు తీయాలి. ఎప్పుడూ బయట దంపించి తెచ్చుకునేవాళ్లం. మగవాళ్లు కూర్చునే దివానియా గదిలో మామా అత్తగారి కాలపు చెక్క రోలు, రోకలి అలంకారానికి పెట్టి ఉండేవి. మామా వాటిని వంటింటి వెనక వసారాలోకి తెప్పించింది.

"శబ్దం బయటికి వినపడుతుంది మామా" అన్నాను.

"వినపడనీ. నా ఇంట్లో నా గోధుమలు దంచుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?" అంది.

నాకు దంపుడు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి కొర్రలు దంచిన చేతులే. కాసేపటికి ఊపు కుదిరింది. వసారా గట్టుమీద కూర్చున్న డాక్టరమ్మ నా పోటు వింటూ వింటూ, ఉన్నట్టుండి సన్నగా ఏదో పాడటం మొదలుపెట్టింది. పాట అనడానికి లేదు, చదవడం అనడానికీ లేదు. రెండు మాటలకు ఒక పోటు, మళ్లీ రెండు మాటలకు ఒక పోటు. నాలుగు మాటలు కాగానే చిన్న ఆగు. నేను రోకలి ఎత్తినప్పుడు ఆమె గొంతు పైకి వెళుతోంది, దిగినప్పుడు దిగుతోంది. నేను ఆపితే ఆమె ఆపింది.

"ఆపకు. నువ్వు ఆపితే నాకు తర్వాతి చరణం గుర్తురాదు" అంది.

అది వేల ఏళ్ల కిందటి పాట అని, ఎవరు కట్టారో తెలియదని చెప్పింది. చరణానికి నాలుగు పాదాలు, పాదానికి నాలుగు మాటలు, మాటంటే ఒక్క అక్షరమే. మొత్తం మూడు చరణాలు. మొదటి పాదంలో చేను ఉంటుంది. రెండో పాదంలో సిపాయి ఉంటాడు. మూడో పాదంలో ఒక ఆడమనిషి దంచుతూ ఉంటుంది. నాలుగో పాదంలో ఆమె జవాబు ఉంటుంది. మొదటి చరణంలో కొర్రచేను పచ్చిగా ఉంటుంది, సిపాయి వీధిలో ఉంటాడు. రెండో చరణంలో గింజ పాలుపోసుకుంటుంది, సిపాయి వాకిట్లోకి వస్తాడు. మూడో చరణంలో వెన్నులు వంగుతాయి, సిపాయి రోటి దగ్గరుంటాడు. చివరి రెండు పాదాలు మాత్రం మూడుసార్లూ ఒక్క అక్షరం మారకుండా అవే వస్తాయి. నేను దంచుతున్నాను, దంచుతున్నాను. ఊరు అడగకు, పేరు అడగకు.

"అయితే చేను దేనికి పోలిక? సిపాయికా, ఆమెకా?" అని అడిగాను. మా తెలుగు అయ్యవారు పద్యం చెబితే ముందు ఉపమానం పట్టుకోమనేవారు. ఆ అలవాటు పోలేదు.

"దేనికీ కాదు. చేను చేనే. సిపాయి సిపాయే. రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకున్నాడు కట్టినవాడు" అంది.

"లాగా, వలె, అలాంటి మాట ఏదీ లేదా?"

"ఒక్కటీ లేదు."

అది నాకు చాలాసేపు మింగుడుపడలేదు. వింటున్న మామా మాత్రం వెంటనే అందుకుంది. "చేను పండటం సిపాయి ఆపలేడు కదా. అంతే. ఇంకేం చెప్పాలి?" అంది. డాక్టరమ్మ నవ్వి తల ఊపింది.

ఆ మర్నాటి నుంచి దంపుడు వేళ పాఠం వేళ అయింది. నేను అన్న మాటను ఆమె సరిదిద్దేది. చేను అనడానికి ఆమె 'హ' లాంటి అక్షరాన్ని కిందనుంచి పైకి లాగి పలికేది. నేను లాగకుండా చదునుగా అన్నాను.

"నువ్వు చేను అనలేదు, తాగు అన్నావు" అంది.

మామా పకపకా నవ్వింది. ఆ నెలలో ఆమె నవ్వడం నేను విన్నది అదే మొదలు. మాట ఒక్కటే, గొంతు ఎక్కడ ఎక్కుతుందో ఎక్కడ దిగుతుందో దాన్నిబట్టి అర్థం మారిపోతుంది. కాబట్టి ఆ పాటను తప్పు రాగంలో పాడటం కుదరదు. రాగం తప్పితే మాటే తప్పుతుంది.

అక్షరాలు ఎలా ఉంటాయో చూపమంటే పళ్లెంలో పిండి పరిచి వేలితో గీసింది. దంచడం అనే అక్షరం అడుగున రోలు, లోపల పళ్లలాంటి గీతలతో. దాని పైన రోకలి, రెండు చేతులు. చూడగానే నాకు తెలిసిపోయింది. ఆ రోలు చెరిపి అక్కడ సూర్యుణ్ణి గీసింది. "ఇప్పుడిది వసంతం" అంది. పైభాగం రెండింటికీ ఒకటే. "ఇందులో అర్థమేమీ లేదు, కంటికి అలా కుదిరిందంతే. కానీ మా నాన్న పాట రాసి చూపించేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన రాసేవాడు."

వాళ్ల నాన్న బడి పంతులట. ఒక కాలంలో వాళ్ల ఊళ్లో పాత పుస్తకాలన్నీ వీధిలో కుప్పపోసి కాల్చారట. ఆయన మెడలో అట్ట కట్టి జనం ముందు నిలబెట్టి, తర్వాత పొలం పనికి తోలారట. అక్కడ వడ్లు దంచుతూ ఆ పాట కూతురికి నేర్పాడట. ఎవరైనా దగ్గరికొస్తే పాట ఆపి పోటు మాత్రం సాగించేవాడట.

"రెండో చరణంలో ప్రాస ఇప్పుడు కలవదు. మాట మారలేదు, వేల ఏళ్లలో జనం నోళ్లు మారాయి. మా నాన్న మాత్రం ఆ అక్షరాన్ని పాతకాలపు పలుకుకు వంచి కలిపేవాడు. కలవని చోట కలపాలి అనేవాడు. నేనూ అలాగే పలుకుతాను" అంది.

ఆ రోజుల్లోనే పేటలో వీధి బోర్డులు మాయం కావడం మొదలైంది. పక్కింటి డ్రైవరు కోనసీమ మనిషి. పనిచ్చిన యజమాని, కఫీల్, కుటుంబమంతా సౌదీకి వెళ్లిపోతే ఇల్లు కాపలా కాస్తూ ఒక్కడే ఉండేవాడు. ఒక సాయంత్రం చేతిలో స్క్రూడ్రైవరుతో మా గేటు దగ్గరికొచ్చాడు.

"అక్కగారండీ, ఈదుల పేర్లు, ఇళ్ల నెంబర్లు అన్నీ పీకేత్తన్నారండి పేటోళ్లు. ఇరాకోళ్లు చీటీలట్టుకుని ఎవరెవరి ఇళ్లకో తిరుగుతున్నారంటండి. మీ గేటు మీద నెంబరు కూడా తీసెయ్యమంటారా అండి?"

"ఉండన్నా, మామాను అడగల్ల" అన్నాను.

అడగనక్కర్లేకపోయింది. మామా కర్ర పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. గేటు పక్కన నిలబడి, ఆ పలక ఊడేవరకు కదలలేదు. పక్కనే ఆమె భర్త పేరు చెక్కిన రాతిపలక ఉంది. అది ఊడదు.

"సిమెంటు పూసెయ్యమంటారా అండి?" అన్నాడు డ్రైవరు.

"పూయి" అంది మామా. అతను పూస్తుంటే ఆ పేరు వైపే చూస్తూ నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఇల్లెవరిదో ఆయనకు తెలుసు" అని మాత్రం అని లోపలికి వెళ్లింది.

వాళ్లు మా ఇంటికి వచ్చింది ఎండ మండే మధ్యాహ్నం. ఒక అధికారి, ఇద్దరు సిపాయిలు. ఆ వీధిలో ఎవరింట్లోనో కాగితాలు అచ్చు వేసి పంచుతున్నారని వెతుకుతున్నారు. అధికారి చేతిలో చీటీ ఉంది. అందులో వీధి పేరు, ఇంటి నెంబరు ఉన్నాయి. బయట మాత్రం ఏ గోడమీదా పేరు లేదు, ఏ గేటుకూ నెంబరు లేదు. నేను వసారాలో దంచుతున్నాను. డాక్టరమ్మ గట్టుమీద గోధుమలు చెరుగుతోంది. మామా లోపల నమాజులో ఉంది.

"ఇది ఏ నెంబరు ఇల్లు?" అన్నాడు అధికారి.

నేను రోకలి ఆపలేదు. దంచుతూనే, "మాఅరఫ్" అన్నాను. నాకు తెలియదని.

"ఈ వీధి పేరేంటి?"

"మాఅరఫ్."

"నువ్వెవరింట్లో పని చేస్తున్నావో కూడా తెలియదా?"

"మామా ఇంట్లో."

"మామా పేరు?"

"మామా."

ఒక సిపాయి ముసిముసిగా నవ్వాడు. కుర్రవాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అధికారి వాడివైపు కోపంగా చూసి డాక్టరమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇది ఎవరిల్లు?"

డాక్టరమ్మ చేట పక్కన పెట్టింది. లేచి నిలబడి, చీరమీద పిండి దులిపినట్టు తన గౌను దులుపుకుంది. తర్వాత తన చైనా భాషలో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. వీధి వైపు చెయ్యి చూపింది. వాకిలి వైపు చూపింది. చివరకు రోలు వైపు చూపింది. ఎంతో మర్యాదగా, చిన్నపిల్లవాడికి దారి చెప్పినట్టుగా చెప్పింది. మొదటి నాలుగు మాటలకే నాకు అర్థమైంది. ఆమె ఆ పాటే చెబుతోంది. మూడు చరణాలూ, ఒక్క పాదం వదలకుండా. నా రోకలి దానంతటదే ఆ లెక్కలో పడింది.

పాట అయ్యేవరకు అధికారి విన్నాడు. "అరబ్బీ రాదా?" అన్నాడు. ఆమె మళ్లీ మొదటి చరణం అందుకుంది. అతను చీటీ నలిపి, "ఖలాస్, ఖలాస్" అని చెయ్యి విసిరాడు. ఆ కోపంలో కాలితో రోలు తన్నాడు. గోధుమలు వసారా అంతా చిందాయి. పోతూ పోతూ టీవీ, డాక్టరమ్మ సూదుల పెట్టె పట్టుకుపోయారు. పక్కింట్లో డ్రైవరు తాళాలు ఇవ్వనన్నాడట. రెండు దెబ్బలు కొట్టి కారు తీసుకుపోయారు.

వాళ్లు వెళ్లాక డాక్టరమ్మ గట్టుమీద కూలబడింది. నీళ్లిచ్చాను. తాగి, "రెండో చరణంలో ప్రాస తప్పాను. భయంలో పాత పలుకు రాలేదు, ఇప్పటి పలుకే వచ్చేసింది" అంది. ఆ ముఖంలో నిజంగానే బాధ.

మామా బయటికొచ్చి అంతా చూసింది. "ఏరండి, కడగండి. మన గోధుమలు అక్కడ ఎందుకు ఉండాలి?" అంది. ముగ్గురం నేలమీద కూర్చుని ఏరాం. ఆమె మోకాళ్లు వంగవు. అయినా కూర్చుంది. ఆ పూట హరీస్‌లో ఇసుక తగులుతూనే ఉంది. ఒక గిన్నె పక్కింటి డ్రైవరుకూ పంపాం. ఎవరమూ ఒక్క ముద్దా వదల్లేదు.

తర్వాత చైనా కంపెనీల బస్సులు వచ్చాయి. తమ వాళ్లందర్నీ జోర్డాన్ మీదుగా పంపుతున్నామన్నారు. డాక్టరమ్మ చిన్న సంచితో బయల్దేరింది. గేటు దగ్గర మామా ఒక అనుమానం అడిగింది. అది ఆమెను రోజుల తరబడి పీకుతోందని అప్పుడే తెలిసింది.

"మూడో చరణంలో ఆ సిపాయి రోటి దగ్గర ఏం చేస్తాడు? అక్కడే ఉంటాడా, పోతాడా?"

"అక్కడున్న అక్షరానికి ఆగడం అని అర్థం. వచ్చి అక్కడ ఆగాడు అనుకోవచ్చు. ఇక తన ఆట ఆగింది అనుకోవచ్చు. మా నాన్న మొదటిది అనేవాడు. ఆయన చూసిన కాలం అది."

"నువ్వు?"

"నేను రెండోది అంటాను" అని బస్సెక్కింది.

నా వంతు మరికొన్నాళ్లకు వచ్చింది. మన వాళ్లను బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కు చేరుస్తున్నారు. అక్కడి నుంచి విమానాలు. డ్రైవరు కబురు తెచ్చాడు. "ఎల్లిపోదారండి అక్కగారూ. ఆలీసం చేత్తే దారులు మూసేత్తారంటండి." నేను మామాను వదిలి వెళ్లనన్నాను. ఆమెకు కోపం వచ్చింది.

"నీకు పిల్లలున్నారు. యల్లా, బయల్దేరు."

"మీరూ రండి మామా."

"ఎక్కడికి? ఇది నా ఇల్లు. వచ్చినవాడు పోవాలి, ఉన్నదాన్ని నేనెందుకు పోతాను?"

ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాను. ఆమె నా తలమీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. వీధి మలుపు తిరిగేవరకు గేటు దగ్గర కర్రమీద ఆనుకుని నిలబడే ఉంది.

జోర్డాన్ సరిహద్దులో ఎడారి గుడారాల్లో చాలా రోజులు పడిగాపులు కాశాం. నీళ్ల ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి బిందె మీద చేతితో తాళం వేస్తూ ఆ పాట గొణుక్కునేదాన్ని. రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా వెనక ఉండేది.

"ఏం పాటప్పా అది? దినామూ అదే పాడతాండావు" అంది.

"చైనా పాటక్కా."

"చైనా పాటేంది, మన దంపుడు పాట మాదిరే ఉండాదే. అర్థం చెప్పు, నేనూ పాడతా."

అర్థం చెప్పబోతే పాట చచ్చిపోయింది. అందుకని ఆ వరసలోనే తెలుగు మాటలు కూర్చడం మొదలుపెట్టాను. మొదట 'లాగా' అనే మాట నాలుగుచోట్ల వచ్చింది. నాలుగూ పీకేశాను. ఒక్కో అక్షరానికి ఒక్కో అక్షరం మన భాషలో కుదరదు. పోటుకు పోటు మాత్రం కుదిర్చాను. మూడో చరణంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. ఆగడం అనే మాటకు తెలుగులోనూ ఆ రెండు అర్థాలే ఉన్నాయి.

చేలో కొర్రలు చిరుచిరు పచ్చ
వీధిన బంటు వచ్చె వచ్చె
దంచుతు ఉన్నా దంచుతు ఉన్నా
ఊరడగొద్దు పేరడగొద్దు

చేలో కొర్రలు చిక్కని పాలు
వాకిట బంటు మోపెను కాలు
దంచుతు ఉన్నా దంచుతు ఉన్నా
ఊరడగొద్దు పేరడగొద్దు

చేలో కొర్రలు తలలే వంగె
రోటికి ఎదురుగ బంటే ఆగె
దంచుతు ఉన్నా దంచుతు ఉన్నా
ఊరడగొద్దు పేరడగొద్దు

రెండు రోజుల్లో మా వరసలోని ఆడవాళ్లందరికీ అది వచ్చేసింది. నీళ్లు పోసే మనిషి ఆలస్యం చేస్తే చివరి పాదం గట్టిగా అందుకునేవారు. అతనికి అర్థం కాకపోయినా తొందరపడేవాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మామా కొడుకు వీసా పంపాడు. వెళ్లాను. చమురు బావుల మంటలు ఆరిపోయినా, గోడలమీద మసి ఇంకా ఉంది. దివానియా గది కాలిపోయింది. మామా మునుపటి మనిషిలో సగమైంది. చలికాలమంతా ఆ ఇంట్లో ఒక్కతే ఉందట. కరెంటు పోయాక కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టిందట. డాక్టరమ్మ సంగతి అడిగాను. కబురేమీ లేదంది. నాకూ లేదు. ఇప్పటికీ లేదు.

నేను సంచి కింద పెట్టకముందే, "కూర్చో, విను" అంది. ఆ చలికాలంలో పాటను అరబ్బీలో కట్టిందట. చదివింది. గొంతు బలహీనమైనా ప్రతి మాటా విడివిడిగా గంటలా మోగింది. కానీ పన్నెండు పాదాలూ ఒకే శబ్దంతో ముగిశాయి.

"ఇది తప్పు మామా. అసలు పాటలో చరణానికో ప్రాస. చేను మారిన ప్రతిసారీ శబ్దం కూడా మారాలి. డాక్టరమ్మ చెప్పింది కదా" అన్నాను.

"అరబ్బీలో ఇలాగే ఉండాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకటే శబ్దం. అడుగు తీయకుండా నిలబడ్డదాని పాట కదా ఇది. ఇంకెలా ఉంటుంది?"

"నిలబడింది ఆమె ఒక్కతే. చేను కదులుతోంది, సిపాయి కదులుతున్నాడు. మీరు అందర్నీ ఒకచోట కట్టేశారు."

ఆమె కర్ర నేలకు కొట్టింది. "నువ్వు నీ భాషలో ఏం చేశావో చదువు. అందులో తప్పులు నేను పడతాను."

చదివాను. అర్థం చెప్పమంది, చెప్పాను. "సిపాయికి నువ్వు ఒక పాదంలో ఎక్కువ అక్షరాలిచ్చావు. వాడికి అంత చోటెందుకు?" అంది. అది నిజమే. కానీ నేను ఒప్పుకోలేదు. ఆమె కూడా తన ప్రాస మార్చుకోలేదు. ఆమె బతికినన్నాళ్లు, మోకాళ్లకు నూనె రాసే ప్రతి సాయంత్రమూ ఏదో ఒక పాదం మీద మాకు తగువు అయ్యేది. కొడుకులు వచ్చి ఎందుకు అరుచుకుంటున్నారని అడిగేవారు. కవిత్వం మీద అంటే నవ్వి వెళ్లిపోయేవారు. మేం తలుపు వేసుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం.